మదీనా చలిలో పాలమూరు మట్టి

మక్తల్‌లో పుట్టి పెరిగినవారికి ఎండను గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మా గుట్టల మీది గుండ్లు అర్ధరాత్రి దాటినా సెగ విడువవు. కృష్ణానది మాకు ఎంతో దూరంలో లేదు. అయినా తరతరాలుగా మా చేలు వానకోసమే ఎదురుచూశాయి. అలాంటి నేల నుంచి బయలుదేరుతున్న వారికి మదీనా ఎండ ఒక లెక్కా అని బంధువులు ధైర్యం చెప్పారు. మేము మాత్రం ఉమ్రా ప్రయాణానికి జనవరి మాసాన్నే ఎంచుకున్నాము. కారణం అమ్మీ. ఆమెకు డెబ్భై దాటాయి, మోకాళ్లు సహకరించవు. పైగా ఈ ప్రయాణం కోసం ఆమె దాచుకున్న డబ్బు ఇరవై ఏళ్లనాటిది. ఆ డబ్బును ఎండకు బలిచేయడానికి మాకు మనసొప్పలేదు.

మక్కాలో ఉమ్రా ముగించుకొని హరమైన్ రైలులో మదీనా చేరాము. 2018లో ప్రారంభమైన ఈ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఎడారిని చీల్చుకుంటూ పోతుంది. ఒకనాడు ఒంటెల మీద రోజుల తరబడి సాగిన బాటను రెండు గంటల పైచిలుకు సమయంలో దాటేశాము. అమ్మీ కిటికీ నుంచి చూపు తిప్పలేదు. ఒకచోట మాత్రం, "ఇక్కడ చెట్టు నాటినవాడు ఎవడో గాని, వాడి ఓపికకు సలాం" అన్నారు.

మదీనా సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు అరుదు. అందుచేత పగలు నేల గ్రహించిన వేడి పొద్దు గుంకగానే ఆకాశానికి తిరిగిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలకు చేరే ఆ నగరంలో జనవరి పగళ్లు పాతిక డిగ్రీల దగ్గర ఆగుతాయి, తెల్లవారుజామున పన్నెండుకో, ఇంకా కిందికో దిగుతాయి. లెక్కప్రకారం ఇది మన సంక్రాంతి నాటి చలికంటే ఎక్కువేమీ కాదు. అయితే ఆ పొడిగాలి వేరు. రెండో రోజుకే పెదవులు పగిలాయి, మడమలు చిట్లాయి. వెళ్లదలచినవారు ఒక ఉన్ని శాలువ, మేజోళ్లు, కాస్త వ్యాజ్‌లైన్ తప్పక వెంట ఉంచుకోవాలి. పాలరాతి ఆవరణలో ఫజ్ర్ వేళ ఉత్త పాదాలతో నిలిచినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

చలికాలపు రాత్రి దీర్ఘమైనది. ఫజ్ర్ అజాన్ ఆరు కావస్తుండగా వినిపిస్తుంది. అంతకు గంట ముందే మస్జిదె నబవీ దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆవరణలో 250 గొడుగులు రాత్రి ముడుచుకొని స్తంభాలవలె నిలబడి ఉంటాయి, ఎండ పొడవగానే నెమ్మదిగా విచ్చుకుంటాయి. పిల్లలు దానిని చూడడానికే తల్లిదండ్రుల కొంగులు లాగుతుంటారు. మాకూ ఒక పూట ఆ ముచ్చటతోనే గడిచింది.

ఇప్పుడు మా తప్పిదం చెప్పుకోవాలి. రౌజాలో నమాజు చేయడానికి నుసుక్ యాప్ ద్వారా ముందుగా అనుమతి పొందాలి. ఆ అనుమతి ఒక మనిషికి సాధారణంగా ఏడాదికొకసారే దొరుకుతుంది. స్త్రీలకు వేళలు వేరు. మేము మక్తల్‌లో ఉండగానే ఫోనులో అందరికీ నమోదు చేశాము. అమ్మీ పేరు వచ్చేసరికి తేదీ చూసుకోలేదు. మదీనా చేరి తెరిచి చూస్తే, ఆమెకు దక్కిన వేళ మేము విమానమెక్కిన మరునాటిది. రద్దుచేసి మళ్లీ ప్రయత్నించాము. ఉన్న నాలుగు రోజులకూ ఖాళీ లేదు. రాత్రి రెండు గంటలకు, మూడు గంటలకు లేచి చూశాము. సెలవుల రద్దీ, చలికాలపు రద్దీ కలిసివచ్చాయి. వాతావరణం మంచిదని మేము ఎంచుకున్న మాసాన్నే లోకమంతా ఎంచుకున్నది మరి.

అమ్మీ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. పచ్చని గుంబదు కనిపించేచోట శాలువ కప్పుకొని కూర్చుని, తస్బీహ్ తిప్పుతూ, మా వైపు చూడకుండా ఉండిపోయారు. ఒక్క మాట అన్నారు: "పిలుపు లేదేమో బేటా." తేదీ తప్పు వేసింది మా వేలు అని చెప్పినా ఆమె వినలేదు.

ఆ మరునాడు ఆమె మనసు మరల్చడానికి ఒక టాక్సీ మాట్లాడుకొని ఊరు చూపించబూనాము. ఖుబాలో రెండు రకాతులు చదివాము. ఉహుద్ వద్ద అమరుల సమాధుల ముందు నిలిచి హజ్రత్ హమ్జా (రజి)కు సలాం చెప్పాము. విలుకాండ్ర గుట్ట అమ్మీ ఎక్కలేకపోయారు. ఊట బావుల్లో పేరెన్నికగన్న బీరె రూమాను, దాని చుట్టూ ఉన్న ఖర్జూర వనాన్ని చూశాము. నీరు కొనుక్కోవలసి వచ్చిన పేదల కోసం హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత ధనంతో కొని అందరికీ వదిలిన బావి అది. నీటికోసం బిందెలతో బారులు తీరిన ఊళ్ల నుంచి వచ్చిన మాకు ఆ దానం విలువ వివరించనక్కర లేకపోయింది.

ఆ తరువాత టాక్సీ సల్ఆ గుట్ట కింద ఆగింది. ఖందక్ యుద్ధం జరిగిన చోటు ఇదే. కందకం ఇప్పుడు కనిపించదు. ఎప్పుడో పూడిపోయి, పైన రోడ్లు, ఇళ్లు వచ్చాయి. కొన్ని చిన్న మస్జిదులు, ఒక పెద్ద మస్జిదు ఉన్నాయి. గుట్ట వాలున ఉన్న మస్జిదె ఫత్‌హ్‌కు మెట్లెక్కి వెళ్లాలి. చాలామంది యాత్రికులు ఫోటో తీసుకొని పది నిమిషాల్లో బస్సెక్కుతున్నారు. మేమూ అలాగే వెళ్లిపోయేవాళ్లమే.

అయితే ఈ కథ చలికాలపు కథ. హిజ్రీ 5వ సంవత్సరం షవ్వాల్, అంటే క్రీ.శ. 627 ఆరంభం. పదివేల సైన్యం మదీనా మీదికి వస్తున్నది, ఎదుర్కోవలసినవారు మూడువేలు. నగరానికి తూర్పు, పడమరల నల్లని లావా రాళ్ల మైదానాలు ఉన్నాయి. వాటిని అక్కడ హర్రా అంటారు. గుర్రం డెక్క ఆ రాళ్లమీద నిలవదు. దక్షిణాన తోటలు, దట్టమైన ఇళ్లు. తెరచి ఉన్నది ఉత్తరపు దిక్కు ఒక్కటే. అక్కడ కందకం తవ్వుదామని పారశీక దేశస్థుడైన హజ్రత్ సల్మాన్ (రజి) సలహా ఇచ్చారు. అరబ్బులకు అది తెలియని పద్ధతి.

తవ్వినది ఎవరు? చలి ఉదయాన, ఆకలి కడుపులతో, ముహాజిర్లు, అన్సార్లు స్వయంగా తవ్వారు. తమ బదులు పనిచేయడానికి వారికి బానిసలు లేరని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. దైవప్రవక్త (స) కూడా మట్టి మోశారు. ఆయన పొట్ట చర్మం కనిపించనంతగా ధూళి కప్పేసింది. గునపాలకు లొంగని బండ ఒకటి అడ్డుపడితే, మూడు దినాలుగా తిండి ఎరుగని ఆయన కడుపుకు రాయి కట్టుకొని ఉండి, దిగి తానే పగలగొట్టారు. ఆ స్థితి చూసి తాళలేక హజ్రత్ జాబిర్ (రజి) ఇంట్లో ఉన్న ఒక మేకపిల్లను, కొద్దిపాటి బార్లీ పిండిని వండించి రహస్యంగా పిలిస్తే, ఆయన తవ్వుతున్న వారందరినీ వెంటబెట్టుకొని వెళ్లారు. అల్లాహ్ శుభం వల్ల అందరికీ సరిపోయింది.

ఇదంతా మేము చదివినదే, మా పిల్లలకు చెప్పినదే. ఆ రోజు నీడలో అరుగు మీద అమ్మీకి మళ్లీ చెబుతున్నాము. ఆమె వంగి, దారి పక్కన చేతికందిన మట్టి కాస్త తీసి నలిపి చూశారు. "పైన మెత్తగా ఉంది గాని లోపల రాయి తగులుతుంది. గడ్డపార మొన రోజుకు రెండుసార్లు సానపెట్టాల్సి వచ్చి ఉంటుంది" అన్నారు.

అది ఎలా తెలుసునని అడిగాము. అప్పుడు, నలభై ఏళ్లలో మాకు చెప్పని సంగతి ఆమె చెప్పారు.

1955లో మొదలైన నాగార్జునసాగర్ పనికి పాలమూరు జిల్లా నుంచి ఊళ్లకు ఊళ్లు తరలివెళ్లాయన్నది అందరికీ తెలుసు. మా తాతగారు కూడా అక్కడ ఉన్నారని మాకు తెలుసు. అయితే గుత్తేదారు వద్ద లెక్కలు రాసేవారని విన్నాము, అలాగే చెప్పుకున్నాము. మా అక్కల పెళ్లి సంబంధాల వేళ కూడా ఆ మాటే చెప్పారు. అమ్మీ ఇప్పుడు చెప్పినది వేరు. తాతగారు మట్టి తవ్వారు, నానీ రాళ్లు మోశారు. తొమ్మిదేళ్ల అమ్మీ తమ్ముణ్ణి చెట్టుకింద పడుకోబెట్టి, చిన్న తట్టతో ఇసుక అందించారు. జనవరి చలిలో నానీ తన చీర కొంగునే చుట్టచేసి ఆమె తలమీద పెట్టేవారట, చలికీ అదే, తట్టకూ అదే. "మీ అబ్బా చెప్పొద్దన్నారు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారని" అన్నారు అమ్మీ. ఆ తరువాత కాసేపటికి, "ఆయన మట్టి మోశారని నాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. దైవప్రవక్త (స) గురించి అంటున్నారని గ్రహించడానికి మాకు కొంత సమయం పట్టింది. మేము ఎన్నోసార్లు చెప్పాము. పిల్లలకు చెప్పాము, సభల్లో విన్నాము. ఆమె వంటింట్లో ఉండగా చెప్పి ఉంటాము.

తిరుగుదారిలో హిజాజ్ రైల్వే పాత స్టేషను ముందు నుంచి వచ్చాము. డమాస్కస్ నుంచి 1908లో ఇక్కడికి రైలు చేరింది. ఆ మార్గానికి హిందుస్తాన్ ముస్లింలు కూడా విరాళాలు పంపారు. పట్టాలు పరచినవారు ఎక్కువగా ఉస్మానియా సైనికులు. ఎప్పుడూ కట్టించినవారి పేర్లే చదివే మేము ఆ రోజు పట్టాలు మోసినవారి గురించి కాసేపు మాట్లాడుకున్నాము.

చివరి రాత్రి ఇషా తరువాత ఆవరణలో కూర్చున్నాము. మేము దక్కనీలో మాట్లాడుకుంటుంటే, నేల తుడిచే పనివారిలో ఒక యువకుడు ఆగి, "ఏ ఊరు అమ్మా?" అని తెలుగులో అడిగాడు. మక్తల్ అని చెప్పగానే అతని ముఖం వికసించింది. అతనిది ఊట్కూరు. వచ్చి మూడేళ్లయింది. మొదట అడిగినది వాన సంగతి. తరువాత కంది ధర. ఇంటి కబుర్లు ఫోనులో రోజూ తెలుస్తాయి గాని, వాన సంగతి చూసి వచ్చినవారే చెప్పాలన్నాడు. అమ్మీ సంచిలోంచి గుడ్డమూట తీశారు. దారికి ఉంటాయని మక్తల్‌లో చేసి ఎండబెట్టిన కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి. హోటలు తిండి పడనప్పుడు తినమని మేమే దాచమన్నాము. ఉన్నవన్నీ అతనికే ఇచ్చేశారు. అతను ఒక ముక్క విరిచి నోట పెట్టుకొని, మిగతా వాటిని చొక్కా లోపల పదిలపరచుకున్నాడు. గదిలో ఇంకో ఇద్దరు మన జిల్లా వాళ్లున్నారట.

వెళ్లబోతూ, "మీకోసం ఏం చేయమంటారమ్మా?" అని అడిగాడు. రౌజా దక్కని సంగతి అమ్మీ అతనికి చెప్పలేదు. మగవారు సలాం చెబుతూ సాగే దారిలో ఈసారి వెళ్లినప్పుడు తన సలాం కూడా అందించమన్నారు.

"పేరు?" అన్నాడతను.

అమ్మీ తన పేరు చెప్పారు. ఆగి, తండ్రి పేరు చెప్పారు. "సాగర్‌లో మట్టిపని చేసినాయన బిడ్డ అని చెప్పు" అన్నారు.