బదిలీ ఫిల్లర్

'బదులు' అన్న మాట చిన్నదే కాని దానికి పనులెక్కువ. అడిగినదానికి చెప్పేది బదులు. పక్కింట్లో గ్లాసెడు చక్కెర తెచ్చుకుంటే అదీ బదులే. ఒకరు రాలేకపోతే మరొకరు వెళ్ళడమూ బదులే. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చిన మాట. చక్కెరకీ మనిషికీ ఒకే మాట వాడటం నాకు భలే నచ్చుతుంది. రెండూ తిరిగి ఇచ్చెయ్యాల్సినవే కదా!

అమెరికాలోనూ ఈ పనికి మాటల కొదవ లేదు. ఆఫీసులో 'కవర్ చెయ్యి' అంటారు. బడిలో టీచరు రాకపోతే వచ్చేవాళ్ళు 'సబ్'. పెద్ద మేనేజరు మానేస్తే కొత్తాయన దొరికేదాకా కూర్చునేవాడు 'ఇంటెరిమ్'. బేస్‌బాల్ ఒక్క ఆటా పూర్తిగా చూడని నాలాంటివాడు కూడా రెండేళ్ళు తిరక్కుండా 'పించ్ హిట్టర్' అనేస్తుంటాడు. మా కన్సల్టెంట్లకి మాత్రం వేరే మాట ఉంది: 'బ్యాక్‌ఫిల్'. సెలవు మీద వెళ్ళిన ఉద్యోగి వదిలిన గుంటని పూడ్చేవాడన్నమాట.

నేను గోదావరిఖనిలో పెరిగినవాణ్ణి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది బాయి. మా వైపు నీళ్ళ బావినీ, బొగ్గు గనినీ కూడా బాయే అంటాం. బొగ్గు తీసేసిన చోట పైకప్పు కూలకుండా ఇసుకని నీళ్ళతో కలిపి పైపుల్లో లోపలికి పంపి నింపేవారు. అదీ బ్యాక్‌ఫిల్లే.

మా బాపు సింగరేణిలో చేరింది 'బదిలీ ఫిల్లర్'గా. ఫిల్లరంటే తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపేవాడు. ఇక బదిలీ అంటే తహసీల్దారుకి అయ్యే బదిలీ కాదు. మస్టర్లో పేరున్న మనిషి నాగా పెడితే, ఆ రోజుకి ఆయన బదులు దిగేవాడు. ఇది మా ఊరి మాటే అనుకునేవాణ్ణి. పారిశ్రామిక వివాదాల చట్టం తిరగేస్తే, అంత ఇంగ్లీషు మధ్యలో 'బద్లీ' అని మన మాటే కనిపించింది. లే ఆఫ్ పరిహారం లెక్కల్లో, ఏడాది ఎడతెగని సర్వీసు పూర్తయినవాణ్ణి బద్లీగా చూడకూడదని కూడా అక్కడే ఉండేది. భూగర్భ గనిలో 190 రోజులు పని చేస్తే అది ఏడాదితో సమానం. ఆ 190 మస్టర్ల లెక్క మా కాలనీలో వంట చేసుకునే అమ్మలక్కలకి కూడా తెలుసు. నెలాఖరుకి వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవారు.

బాపు చీకటితో లేచి సద్ది కట్టుకుని బాయి మీదికి వెళ్ళేవాడట. షిఫ్టుకి రావాల్సినవాళ్ళంతా దిగాక, మిగిలిన ఖాళీలకి పేర్లు పిలిచేవారు. పిలిస్తే పని. లేకపోతే కట్టిన సద్ది కట్టినట్టే ఇంటికి.

2009లో మాంద్యం రోజుల్లో నేను ఆరు వారాలు బెంచి మీద ఉన్నాను. అప్పుడు దొరికిందొక బ్యాక్‌ఫిల్ పని. ఒకావిడ ప్రసవానికి సెలవు పెట్టింది. ఇక్కడి చట్టం ఇచ్చే సెలవు పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా. ఆమె కుర్చీ, ఆమె కంప్యూటరు, గోడకి ఆమె పెద్దకొడుకు గీసిన డైనోసార్ బొమ్మ. నేనేదీ కదపలేదు. పదో వారంలో మేనేజరు వచ్చి, బిడ్డ నెలలు నిండకుండా పుట్టిందనీ, ఆమె ఇక రాకపోవచ్చనీ, వీసా కాగితాలవీ చూసుకుని అక్కడే ఉండిపోతానేమో ఆలోచించుకోమనీ చెప్పాడు.

ఆ రాత్రి బాపుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అంటే నువ్వు గూడ బదిలీ ఫిల్లర్‌వే గదరా!" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతొకటి చెప్పాడు.

"నా 190 మస్టర్లల్ల నలభై ఒక్కమనిషియే. పచ్చకామెర్లు పట్టి ఆయన మంచంల పడ్డడు. రోజు పొద్దుగాల ఆయన రావద్దనే మొక్కుకుంట పోయేది. మాపటికి కొబ్బరిబోండం పట్టుకొని ఆయనింటికే పోయేది. రెండు నేనే చేసిన. ఏది అబద్దం గాదు."

నాకేం చెప్పాలో తోచలేదు.

"పిల్ల ఎట్లున్నదట?" అన్నాడు కాసేపాగి. బాగానే ఉందనీ, ఇంక్యుబేటర్లోంచి తీశారనీ చెప్పాను.

పదమూడో వారం సోమవారం ఆమె వచ్చేసింది. చేసిన మార్పులన్నీ రాసిపెట్టిన నోటుబుక్కు చేతికిచ్చాను. ఆమె తన ఫోనులో బిడ్డ ఫోటో చూపించింది. గుప్పెడంత మొహం. మధ్యాహ్నానికి బ్యాడ్జీ అప్పజెప్పి బయటికొచ్చి, కారులో కూర్చుని బాపుకి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. అయినా మొదటి రింగుకే ఎత్తాడు.

"వచ్చిందా?"

"వచ్చింది బాపూ."

"మంచిదాయె. మల్ల యాడనో ఎవలో ఒకలు నాగా పెడతరు తియ్యి. పిలుస్తరు."