మూకుడులో కూర

బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి "మంచి హోటలమ్మా" అంటూ తీసికెళ్ళిన చోట పళ్ళెం చాటంత, అందులో కూర బొట్టంత! బిల్లు సంగతి అడక్కండి. "మామూలు హోటలేదీ లేదుటే?" అన్నాను. మర్నాడు లేడీపూల్ రోడ్డుకి తీసికెళ్ళింది.

1970లలో పాకిస్తాన్ నుంచీ, కాశ్మీర్ నుంచీ వచ్చి స్థిరపడినవాళ్ళు ఈ చుట్టుపక్కలే బాల్టీ వంటకం మొదలెట్టారు. పల్చటి ఉక్కు మూకుడులో, పెద్ద సెగమీద చకచకా వండేసి, ఆ మూకుడే తెచ్చి మన ముందు పెడతారు. అన్నంతో కాదు, నాన్ తుంచుకుని తినాలి. ఒకప్పుడు ఎటు చూసినా ఇవేనట. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

బల్లమీది అద్దం కిందే మెనూ. కూర కుతకుతలాడుతూ వచ్చింది. మెంతికూర ఘుమఘుమ! ఇద్దరం మాటల్లేకుండా తిన్నాం.

నా హైదరాబాదు ఉర్దూ విని హోటలు పెద్దాయన నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. కొడుక్కి కంప్యూటర్ల ఉద్యోగమట. "పొయ్యి దగ్గరికి రావద్దు, చదువుకో అన్నాను. విన్నాడు" అన్నాడు. గర్వమో, దిగులో తెలీలేదు.

నేనూ మా పిల్లని వంటింట్లోకి రానివ్వలేదు మరి.

ఇంతలో అది "ఈ కూర ఎలా చేస్తారు?" అని అడుగుతోంది. నన్ను కాదు, ఆయన్ని!