టిఫిన్ బిళ్ల

బల్ల మీద 28 మిల్లీమీటర్ల బొమ్మలు సిద్ధం. ఆకుపచ్చ కోట్ల బ్రిటిష్ 95వ రైఫిల్స్ జవాన్లు ఇటు, ఫ్రెంచివాళ్లు అటు. స్పెయిన్‌లో ఏదో పల్లె, ఒక వంతెన. 1808-14 నాటి యుద్ధం. రంగులు వేయడానికి ఆర్నెల్లు పట్టింది. ఏ నియమాలతో ఆడాలో తేల్చుకోవడానికి అంతకన్నా ఎక్కువే పట్టేట్టుంది.

'సాంగ్ ఆఫ్ డ్రమ్స్ అండ్ షాకోస్' అనే నియమాల పుస్తకమైతే పక్షానికి పదిమంది చాలు. బొమ్మను కదపడానికి ఒకటి నుంచి మూడు దాకా ఎన్ని పాచికలు వేయాలో మన ఇష్టం. వాటిలో రెండు విఫలమైతే వంతు అవతలివాడిది. అత్యాశకు పోయామా, అంతే సంగతులు!

నా మనసు మాత్రం 'షార్ప్ ప్రాక్టీస్' అనే మరో నియమాల పుస్తకం మీదే. అందులో తుపాకుల కన్నా నాయకులు ముఖ్యం. సంచిలోంచి ఎవరి బిళ్ల వస్తే ఆ నాయకుడికే అవకాశం. 'టిఫిన్' బిళ్ల పైకొచ్చిందంటే ఆ విడత ముగింపుకొచ్చినట్టే. అవును, మన ఇడ్లీ టిఫినే. ఇండియాలో తెల్లదొరలు వాడిన మాట అది. మన పథకం ఎంత గొప్పదైనా, బిళ్ల రాకపోతే లెఫ్టినెంట్ గోడచాటున గుటకలు మింగుతూ ఉండాల్సిందే. ఆ నిస్సహాయతే నాకు నచ్చింది. మందుపొగలో ఎవరి ఆజ్ఞ ఎవరికి చేరిందని!

కొత్తవాళ్లు మొదటిదానితోనే మొదలుపెట్టండి. బొమ్మలు 40 దాటాక రెండోది కొనండి.