రాత్రే సిద్ధం... పొద్దుటి టిఫిన్‌!

తెనాలిలోని ఆ ఇంట్లోంచి నలభై ఏళ్లపాటు పొద్దున్నే ఏడింటికల్లా పోపు వాసన వచ్చేది. మాస్టారి భార్య పోయాక ఆ వాసనా పోయింది. హైస్కూల్లో ఎందరికో లెక్కలు నేర్పిన ఆయనకి కాఫీ కలుపుకోవడం తప్ప వంట రాదు. రెండు పూటలా క్యారేజీ వస్తుంది. పొద్దుటి టిఫిన్‌తోనే చిక్కు. సెంటర్లో హోటల్‌ ఉంది కానీ వాన పడితేనో, మోకాలు మొరాయిస్తేనో అదీ లేదు.

అలాంటి ఓ రోజు... మాస్టారు షుగర్‌ మాత్ర వేసుకుని, ‘వాన తగ్గాక వెళ్దాంలే’ అని పేపర్‌ పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి చేతులు వణికాయి. ఒళ్లంతా చెమటలు. పక్కింటావిడ చూసి గబగబా పంచదార నీళ్లు తాగించింది కాబట్టి సరిపోయింది.

సంగతి తెలిసి పుణెలో ఉన్న కూతురు హడలిపోయింది. ‘ఇక అక్కడొద్దు, వచ్చెయ్‌ నాన్నా’ అంది. ఆయన కదలనన్నారు. వంటమనిషిని పెడతానంటే ‘ఒక్క ప్రాణానికి ఎందుకమ్మా’ అన్నారు. చివరికి కూతురే ఓ షరతు పెట్టింది. ‘నేను చెప్పింది రోజూ రాత్రి చేసిపెట్టుకుంటానంటే అక్కడే ఉండు.’

అదే ఓట్స్‌. పొయ్యి వెలిగించే పనే లేదు. మూతున్న గాజు సీసాలో అరకప్పు ఓట్స్‌, అరకప్పు కాచి చల్లార్చిన పాలు, పావుకప్పు పెరుగు వేసి కలిపి ఫ్రిజ్‌లో పెట్టడమే. పొద్దున్నే అరముక్క యాపిల్‌ తరిగి, నాలుగు బాదం పప్పులు వేసుకుంటే టిఫిన్‌ అయిపోయినట్టే.

‘పచ్చివి తినమంటావా?’ మాస్టారికి అనుమానం. ‘పచ్చివెక్కడివి నాన్నా! మన అటుకుల్లాంటివే. గింజల్ని ఆవిరిలో మెత్తబరిచి, రోలర్ల కింద నొక్కి రేకులు చేస్తారు. నానితే చాలు. కొనేటప్పుడు మాత్రం రేకులవే తెచ్చుకో. ఇన్‌స్టంట్‌వి జావైపోతాయి. మసాలా ప్యాకెట్లలో ఉప్పెక్కువ’ అంది కూతురు.

నిజానికి ఇది కొత్త వంటేం కాదు. 1900 ప్రాంతంలోనే స్విట్జర్లాండ్‌ వైద్యుడు మాక్సిమిలియన్‌ బిర్చర్‌ బెన్నర్‌ తన రోగులకి నానబెట్టిన ఓట్స్‌లో యాపిల్‌ తురుము కలిపి పెట్టేవారు. మ్యూస్లీ పుట్టింది అలాగే. ఓట్స్‌లో బీటా గ్లూకాన్‌ అనే పీచు ఉంటుంది. అది పొట్టలో జిగురులా మారి, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చూస్తుంది. అయినా ఎంత తినాలో డాక్టర్ని అడిగాకే మాస్టారు మొదలుపెట్టారు.

మొదటిరోజు కొలత తప్పింది. సీసా నిండా ఓట్స్‌ పోసి పాలు తగ్గించారు. తెల్లారేసరికి ముద్ద గట్టిపడి చెంచా దిగలేదు. ఆ మధ్యాహ్నమే క్యాలెండర్‌ మీద ‘2:2:1’ అని రాసుకున్నారు. ఓట్స్‌ రెండు, పాలు రెండు, పెరుగు ఒకటి. లెక్క కుదిరాక రుచీ కుదిరింది.

వారం గడిచాక సొంత ప్రయోగం. పాలూ పెరుగూ మానేసి చిక్కటి మజ్జిగ పోశారు. చిటికెడు ఉప్పు, కాస్త అల్లం తురుము, ఓ పచ్చిమిర్చి చీలిక. పొద్దున్నే మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. వేసవిలో భార్య రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పెట్టే చద్దన్నం గుర్తొచ్చింది. పొద్దుటి ఆకలి గురించి రాత్రే ఆలోచించి పెట్టేది ఆవిడ. ఇప్పుడా పని ఆయన చేసుకుంటున్నారు.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌ మోగుతుంది. ‘నానబెట్టావా నాన్నా?’ అదొక్కటే ప్రశ్న. ఓ రోజు ఆయనా అడిగారు... ‘మరి నువ్వు పొద్దున ఏం తిన్నావమ్మా?’

అవతల కాసేపు మాటలేదు. ‘ఆఫీసుకి ఆలస్యమైంది నాన్నా. కాఫీ తాగా...’

‘సీసా తియ్యి. నేను లైన్లోనే ఉంటా’ అన్నారు మాస్టారు.