9... 8... 7... ఇంకో కాయిన్ వెయ్యాలా?

మిరప, పత్తి తప్ప ఇంకేం రాయవా అని అడిగేవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసం ఇవ్వాళ వీడియో గేమ్ గురించి రాస్తున్నా. చివరికి మళ్లీ చేలోకే వస్తే మాత్రం నన్ను తిట్టొద్దు. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మీలో 35 దాటినవాళ్లకి "ముస్తఫా" అంటే చాలు, ఏ గేమో తెలిసిపోతుంది. దాని అసలు పేరు "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్" అని మనకెవరికీ తెలియదు. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అమెరికాలో మార్క్ షుల్ట్జ్ అనే ఆయన గీసిన "జెనోజోయిక్ టేల్స్" అనే బొమ్మల కథ దానికి మూలం. అందులో ఆడేందుకు నలుగురుంటారు: జాక్, హన్నా, ముస్తఫా, మెస్. మన వైపు మాత్రం అందరికీ ఆ పసుపు టోపీ ముస్తఫానే కావాలి. హ్యాండిల్ రెండుసార్లు ముందుకి తోస్తే పరిగెత్తేవాడు, బటన్ నొక్కితే గాల్లో ఎగిరి తన్నేవాడు. ఆ తన్ను కోసమే గేమ్ పేరు కూడా ముస్తఫా అయిపోయింది.

పిడుగురాళ్లలో మా హైస్కూలు రోజుల్లో బస్టాండు దగ్గర సందులో ఒక షాపు ఉండేది. సగం దించిన షట్టరు, నాలుగు డబ్బాలు, ఒక ఫ్యాను. సున్నపు బట్టీల లారీలు పోయినప్పుడల్లా లోపలికి తెల్లదుమ్ము వచ్చి స్క్రీన్ మీద కూర్చునేది. షాపాయన తుండుగుడ్డతో తుడిచేవాడు. రూపాయికి ఒక ఆట. అమ్మ టిఫినుకిచ్చిన రూపాయి పుణుగుల బండి దాకా పోకుండా ఆ డబ్బాలో పడేది.

మామూలు రౌడీలని ఎవడైనా కొడతాడు. కష్టమంతా స్టేజీ చివర వచ్చే బాస్ దగ్గరే. మొత్తం ఎనిమిది స్టేజీలు. రెండో స్టేజీలో బుచర్ అని ఒకడు రెండు చేతుల్లో రెండు కత్తులతో వస్తాడు. వాడికి మేము పెట్టిన పేరు "కొడవళ్లోడు". వాడు ఉరుకుతున్నప్పుడు వాడి వరసలోనే నిలబడితే అయిపోయినట్టే. ఒక అడుగు పైకో కిందకో జరిగి, వాడు దాటిపోయాక పక్క నుంచి అందుకోవాలి. మూడో స్టేజీలో కారు మన చేతికిస్తారు, బాస్ మోటారు సైకిలేసుకుని మీదకొస్తాడు. ఐదో స్టేజీలో మోర్గాన్. వాడికి "రెండు ప్రాణాలోడు" అని పేరు పెట్టాం. మనిషిగా ఉన్నప్పుడు వాడి లైఫంతా కొట్టి కొట్టి అయిపోగొడతామా, హమ్మయ్య అనుకునే లోపల వాడు రాక్షసంగా మారి మళ్లీ నిండు లైఫ్‌తో లేస్తాడు. మొదటిసారి అది చూసినప్పుడు మా గుంపులో ఒకడు నిజంగానే ఏడ్చాడు. వాడి దగ్గరున్నది ఆ ఒక్క రూపాయే మరి.

ఇంకో సంగతి. రెండు బటన్లు ఒకేసారి నొక్కితే చుట్టూ ఉన్నోళ్లంతా ఎగిరిపడతారు. కానీ ఆ దెబ్బ తగిలిన ప్రతిసారీ మన లైఫ్ కూడా కొంచెం తగ్గుతుంది. కంగారుపడే వాడు బాస్ దగ్గర అదే పనిగా రెండు బటన్లూ బాదేవాడు. బాస్ కొట్టకముందే సగం ప్రాణం తనే పోగొట్టుకునేవాడు.

మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద, నాకు బావ. వాడిది మాత్రం వేరే పద్ధతి. జేబులో రూపాయి ఉన్నా వెంటనే వేసేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, వేరేవాళ్లు బాస్‌తో ఆడుతుంటే వెనక నిలబడి చూసేవాడు. వారం రోజులైనా చూసేవాడు. "ఆడేటప్పుడు మన కళ్లు ముస్తఫా మీదే ఉంటయ్ రా బామ్మర్దీ. వాడెట్టా వస్తున్నాడో చూడాలంటే ఇంకోడు ఆడేటప్పుడే చూడాలి" అనేవాడు. చూసి చూసి ఒకరోజు రూపాయి వేస్తే ఐదో స్టేజీ దాకా ఒక్క కాయిన్‌తో వెళ్లేవాడు. షాపాయనకి వాడంటే పెద్దగా ఇష్టం ఉండేది కాదు. ఎందుకుంటుంది చెప్పండి? గంట సేపు డబ్బా పట్టుకుని రూపాయే ఇచ్చేవాడంటే.

అప్పుడు తెలియదు గానీ ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. ఆ గేమ్ మనం గెలవడానికి చేసింది కాదు, ఇంకో రూపాయి వేయడానికి చేసింది. మనం చచ్చిపోగానే స్క్రీన్ మీద 9, 8, 7 అని అంకెలు దిగుతుంటాయి. సున్నా అయ్యేలోపు కాయిన్ వేస్తే ఉన్నచోటే మళ్లీ లేస్తాం. బాస్‌కి మనం తగ్గించిన లైఫ్ తగ్గినట్టే ఉంటుంది. వాడికి ఇంకొంచెమే మిగిలిందని కళ్ల ముందు కనపడుతుంటే, ఇప్పటిదాకా వేసినవి వృథా అవుతాయని చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. బోర్డు సెట్టింగుల్లో కష్టం పెంచుకునే ఏర్పాటు కూడా ఉంటుందని పెద్దయ్యాక తెలిసింది.

ఇక నేను చేసిన పని చెప్తా. ఈ పేజీలో ఎప్పుడూ చెప్పలేదు.

1997. పత్తి మీద పచ్చపురుగు పడ్డ ఏడు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఏ మందు కొట్టినా చావలేదు. వరంగల్ వైపు పత్తి రైతులు అదే మందు తాగి చనిపోతున్నారని పేపర్లలో రోజూ వచ్చేది. మా నాన్న నన్ను టౌనుకి పంపి అర లీటరు మోనోక్రోటోఫాస్ తెమ్మన్నాడు. నేను పావు లీటరు డబ్బా తెచ్చాను. పెద్ద డబ్బా లేదన్నారని, ధర కూడా పెరిగిందని చెప్పి, మిగిలిన డబ్బులో 20 రూపాయలు నొక్కేసి తక్కింది ఇచ్చాను. మర్నాడు ఆ ఇరవై రూపాయలూ రెండు ప్రాణాలోడికి పెట్టాను. పదకొండో కాయిన్‌కి వాడు చచ్చాడు. మిగతా తొమ్మిదీ ఆరో స్టేజీలో ఎట్టా పోయాయో కూడా గుర్తులేదు.

నాన్న ఆ పావు లీటరే నీళ్లలో కలిపి, సరిపోకపోతే ఇంకా పల్చన చేసి కొట్టాడు. మందుల కొట్లో అసలు ధర తెలియడానికి వారం పట్టింది. ఆ సాయంత్రం నన్ను పిలిస్తే దెబ్బలు తప్పవనుకున్నా. నాన్న అడిగింది ఒక్కటే.

"గెలిచావా?"

"ఆ... ఒకణ్ని చంపా."

"ఎన్ని రూపాయలకి?"

"పదకొండు."

ఇంకేం అనలేదు. తలకి తువ్వాలు చుట్టుకుని చేలోకి వెళ్లిపోయాడు.

ఆ ఏడు మా పత్తి పోయింది. చాలా ఏళ్లు ఆ పావు లీటరు వల్లే పోయిందని లోపల్లోపల కుమిలిపోయా. తర్వాత తెలిసింది, నిండా కొట్టినోళ్లదీ పోయింది, వారానికి రెండుసార్లు కొట్టినోళ్లదీ పోయింది. ఏళ్ల తరబడి అవే మందులు కొట్టీ కొట్టీ పురుగు వాటికి అలవాటు పడిపోయింది. పురుగుని తినే అల్లిక రెక్కల పురుగులు, అక్షింతల పురుగులు మాత్రం చచ్చాయి. రెండు బటన్లూ కలిపి బాదడం అంటే అదే. కానీ ఆ ఏడు నాన్న కూడా ఆపలేదు. ఖాతా మీద తెచ్చి ఇంకా కొట్టాడు. ఎన్ని డబ్బాలకి అని నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఇక 2021కి వద్దాం. ఈ పేజీ చదివేవాళ్లలో సగం మందికి ఆ ఏడు చెప్పక్కర్లేదు. మిరప పూతలో నల్ల తామర పురుగు. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నువ్వుగింజలో పావు వంతు కూడా లేని నల్లటివి పదీ ఇరవై పాకేవి. పూత పూతగానే రాలిపోయింది. దాని పేరు థ్రిప్స్ పార్విస్పైనస్ అని, ఆగ్నేయాసియా నుంచి వచ్చిందని, మన దేశంలో 2015లో బెంగుళూరు వైపు బొప్పాయి మీద మొదట చూశారని తర్వాత శాస్త్రవేత్తలు చెప్పారు. మనకి మాత్రం అది కొత్త బాస్. ఎట్టా వస్తుందో, ఎక్కడ దాక్కుంటుందో ఎవరూ చూడలేదు.

నాది మూడెకరాలు, సొంతం. బావది నాలుగెకరాలు, అంతా కౌలు. ఎకరానికి 40 వేలు ముందే కట్టేశాడు. ఇద్దరం తేజా వేశాం.

ఐదు రోజులకి ఒక మందు. కొట్లో ఆయన్ని తప్పుపట్టను, ఆయనకీ తెలియదు. "ఇది కొట్టి చూడు, పక్కూళ్లో పనిచేసిందంట" అనేవాడు. కొట్టిన మూడు రోజులు తగ్గినట్టుండేది, మళ్లీ నిండు లైఫ్‌తో లేచేది. తొమ్మిదో మందు ఖాతాలో రాయించుకుని బండి మీద వస్తుంటే, ఎందుకో తెలియదు, ఆ షాపూ, ఆ దుమ్ము పట్టిన స్క్రీనూ కళ్ల ముందుకొచ్చాయి. 9, 8, 7.

బండి గట్టు మీద ఆపి కూర్చున్నా. ఆ మందు ఆ రోజు కొట్టలేదు. మర్నాడూ కొట్టలేదు. రెండు రోజులు పొద్దున్నా సాయంత్రం చేలో తిరుగుతూ ఉత్తినే చూశా. ఆకు తిరగేసి చూశా, పువ్వులు దులిపి చూశా, మొక్క మొదట్లో మట్టి గీకి చూశా. ఈ పురుగు నిద్రావస్థ మట్టిలోనే గడుపుతుందని అప్పుడే చదివా. మనమేమో పైపైన కొడుతున్నాం.

మూడో రోజు రెండెకరాలు పీకించేశా. కాయ పట్టాల్సిన మొక్కని పీకడం ఎట్టా ఉంటుందో చెప్పలేను. కూలికి వచ్చిన అమ్మలు కూడా మాట్లాడకుండా పీకారు. అందులో మొక్కజొన్న వేశా. మిగిలిన ఎకరంలో నీలం జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి, యూరియా ఆపి, చూసుకుంటూ వచ్చా. గెలిచానని చెప్పను. ఆ ఎకరంలో వచ్చిన కాయ కోత కూలికీ, సంచులకీ సరిపోయింది. మొక్కజొన్న ఖాతాలో కొంత తీర్చింది. అప్పు మిగిలింది గానీ మోయగలిగిన అప్పు.

బావకి చెప్పా, "బావా, ఆపెయ్, పీకెయ్" అని.

వాడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "నీది సొంత చేను రా. నువ్వు షాపులోంచి బయటికి రాగలవు. నేను లక్షా అరవై వేలు ముందే డబ్బాలో వేశా. కాయ రాకపోతే అవి వెనక్కి వచ్చిద్దా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఒక్క రూపాయితో ఐదో స్టేజీ దాకా వెళ్లినోడు, మాలో అందరికంటే బాగా చూడగలిగినోడు, ఆ ఏడు పద్దెనిమిది మందులు కొట్టాడు. తెలివి లేక కాదు. పురుగు సంగతి నాకంటే వాడికే బాగా తెలుసు. కానీ చూస్తూ నిలబడాలన్నా జేబులో రూపాయి మనదై ఉండాలి. అప్పు తెచ్చిన రూపాయి నిలబడనివ్వదు. తర్వాతి ఏడు వాడు సేద్యం మానేశాడు. ఇప్పుడు హైదరాబాదులో ఆటో నడుపుతున్నాడు.

అందుకే "తెలివిగా సేద్యం చెయ్యండి, కంగారుపడి మందులు కొట్టొద్దు" అని నేను ఈ పేజీలో రాసినప్పుడల్లా బావ గుర్తొస్తాడు. ఆగి చూడండి అని నేను ఎవరికైనా చెప్పగలను. ఆగగలిగే వీలు అందరికీ లేదు. సొంత చేను ఉన్న నేను ఆగినందుకు నాకు పెద్ద గొప్ప కూడా లేదు. పాసుపుస్తకం లేని కౌలుదారుకి బ్యాంకులో అప్పు పుట్టనంతకాలం, పంట పోయినా కౌలు పోనంతకాలం, వాడి ముందు ఆ అంకెలు దిగుతూనే ఉంటాయి.

మొన్న సంక్రాంతికి బావ వచ్చాడు. మా చిన్నోడు ఫోన్‌లో ముస్తఫానే ఆడుతున్నాడు. ఫోన్‌లో మూలన ఒక బటన్ ఉంది, నొక్కితే కాయిన్ పడుతుంది. ఎన్నయినా, ఊరికే. చిన్నోడు చస్తూ, నొక్కుతూ, ముప్పావు గంటలో ఎనిమిది స్టేజీలూ అవగొట్టి "గేమ్ అయిపోయింది" అని పడేశాడు.

"ఇటియ్యి రా" అని బావ తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాడు. గాజు మీద వేళ్లు ఆడక తడబడుతున్నాడు. రెండో స్టేజీలో కొడవళ్లోడి దగ్గర మూడు లైఫులూ పోయాయి. 9, 8...

చిన్నోడు చెయ్యి చాపి కాయిన్ బటన్ నొక్కబోయాడు. బావ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే నాయనా. పోనీయ్. నువ్వు ఆడు, నేను వెనకనుంచి చూస్తా."

ఫోన్ వాడి చేతికిచ్చి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సరే, ఉంటా. మీ ఊళ్లో రెండు ప్రాణాలోడిని ఏమని పిలిచేవాళ్లో రాయండి.