అంటుకుంటుందిలే!

తెలుగులో ఒక చిన్న అక్షరంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. అది "లే". "ఏం కాదులే", "అయిపోతుందిలే", "ఆయన చూసుకుంటాడులే". వాక్యం చివర దీన్ని తగిలించగానే సాక్ష్యం చూపించాల్సిన పని తప్పిపోతుంది. గుళ్ళో వినిపిస్తుంది, ఆఫీసులో వినిపిస్తుంది, కార్లకి అలంకరణ సామాన్లు బిగించే షాపుల్లో అయితే మరీను. "అంటుకుంటుందిలే సార్!"

దేవుళ్ళనీ బాబాలనీ వదిలేసి ఇతను డబుల్ సైడ్ టేపు మీద పడ్డాడేమిటని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

కారు కిటికీల పైఅంచున, వాన లోపలికి కొట్టకుండా, వంపు తిరిగిన నల్లటి ప్లాస్టిక్ రేకులు పెడతారు చూశారా? డోర్ వైజర్లంటారు. తలుపుల మీద బీడింగు, బంపరు మూలల్లో గార్డులు, డిక్కీ మీద చిన్న స్పాయిలరు, కంపెనీ పేరు చెప్పే మెరిసే అక్షరాలు... వీటిలో చాలావాటిని పట్టి ఉంచేది బోల్టూ కాదు, స్క్రూ కాదు. ఒక మిల్లీమీటరు మందం ఉండే ఫోమ్ టేపు. అది పట్టి ఉన్నంతసేపూ మనకి గుర్తుకే రాదు.

2022 దసరాకి మా మేనల్లుడు విజయవాడలో కారు కొన్నాడు. షోరూములోనే పైన మెరుపు కోటింగు వేయించారు. అక్కడినుంచి నేరుగా గుడికి. బానెట్ మీదా, నాలుగు తలుపుల చట్రాల మీదా పసుపు, కుంకుమ, గంధం. మర్నాడు పొద్దున్నే వైజర్లు పెట్టించడానికి షాపుకి. అక్కడి కుర్రాడు పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఎర్ర పొర లాగేసి, అంటించి, రెండు చేతులతో గట్టిగా లాగి చూపించాడు. "చూడండి సార్, వస్తుందా?" రాలేదు. సాయంత్రం కారు కడిగించారు కూడా.

మూడు వారాల తర్వాత వాడు హైదరాబాదు వెళుతుంటే, సూర్యాపేట దాటాక, 100 వేగంలో డ్రైవరు వైపు ముందు తలుపు వైజరు లేచి ఎగిరిపోయింది. వెనక మోటారు సైకిలు మీద భార్యాభర్తలు. వైజరు వాళ్ళకి తగలనుకూడా లేదు. తప్పించబోయి పడ్డారు. ఆయనకి మోకాళ్ళు చెక్కుకుపోయాయి, ఆవిడకి మణికట్టు విరిగింది. మావాడు ఆగి, ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఖర్చు పెట్టుకున్నాడు. ఆ మాత్రం బుద్ధి ఉన్నందుకు సంతోషించాను.

ఇక వివరణలు మొదలయ్యాయి. మా అక్క "కొత్త కారు, దిష్టి తగిలింది" అని బూడిద గుమ్మడికాయ కొట్టించింది. షాపాయన "హైవే మీద గాలి ఎక్కువండీ, మేమేం చేస్తాం" అన్నాడు. మేనల్లుడు "నా టైం బాలేదు మామయ్యా" అన్నాడు. ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు గానీ, డిక్కీలోనే పడి ఉన్న ఆ వైజరు వంక ఒక్కరూ చూడలేదు.

నేను చూశాను. టేపు వైజరుకి నిక్షేపంగా అతుక్కునే ఉంది. కారు వైపు ముఖం నున్నగా, ఎక్కడా చిరగకుండా, మీద సన్నటి పసుప్పచ్చటి పొడి. ఊడిపోయిన టేపు ఎలా ఊడిందో తన మీదే రాసుకుని ఉంటుంది. ఫోమ్ మధ్యకి చిరిగి సగం కారుకీ సగం వైజరుకీ ఉంటే, అంటుకోవడం బాగానే జరిగింది, టేపు బలం చాలలేదు అని అర్థం. ఇలా నున్నగా ఒక వైపునుంచి పూర్తిగా లేచొస్తే అసలు అంటుకోలేదని అర్థం. ఆ టేపు కారుని ముట్టుకోలేదు. పసుపుని ముట్టుకుంది. పసుపు బదులు టాల్కం పౌడరు ఉన్నా ఇదే జరిగేది, కాబట్టి నేరం పసుపుది కూడా కాదు.

ఇలాంటి టేపులో జిగురు ఎండి గట్టిపడేది కాదు. అది ఎప్పటికీ చాలా చిక్కటి ద్రవంలాగే ప్రవర్తిస్తుంది. నొక్కినప్పుడు మెల్లగా పారి, రంగు పైపొరలో కంటికి కనబడని గుంటల్లోకి దిగాలి. అలా దిగి అణువుకి అణువు దగ్గరైతేనే వాటి మధ్య ఉండే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ పనిచేస్తుంది. మధ్యలో దుమ్మో, నూనెో, మైనమో ఉంటే ఆ దగ్గరతనం కుదరదు. గోడ మీద బల్లి నిలబడేది కూడా ఈ బలం మీదే. 2002లో కెల్లర్ ఆటమ్ బృందం టోకే బల్లి పాదాల మీద ప్రయోగాలు చేసి, అది జిగురూ కాదు, చప్పరింపూ కాదు, ప్రధానంగా వాన్ డెర్ వాల్స్ బలమేనని చూపించింది. మన పంచాంగాల్లో బల్లి ఎక్కడ పడితే ఏం ఫలితమో పట్టిక ఉంటుంది. మిగతా సమయమంతా పడకుండా ఎలా ఉందని మాత్రం మనవాళ్ళకి సందేహం వచ్చినట్టు లేదు!

షోరూములో వేసిన మెరుపు కోటింగు సంగతి కూడా చెప్పాలి. దేన్నీ అంటనివ్వదని చెప్పి డబ్బు తీసుకుంటారు. దాని మీదే టేపు అంటుకుంటుందని చెప్పి ఇంకొకరు డబ్బు తీసుకుంటారు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం కష్టమని కొనేవాడికి తట్టదు.

ఇప్పుడు ఆ కుర్రాడి పరీక్ష. రెండు చేతులతో లాగి చూపించాడు కదా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అక్కడే ఉంది తిరకాసు. త్రీఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ రకం టేపుల సాంకేతిక పత్రాలు చూస్తే, గది వేడిలో అంటించిన 20 నిమిషాలకి పట్టు సుమారు సగం వస్తుంది, 24 గంటలకి 90 శాతం, పూర్తిగా రావడానికి 72 గంటలు. అంటే అప్పుడే లాగితే టేపు బలం తెలియకపోగా, జిగురు ఇంకా పారుతున్న సమయంలో దాన్ని పైకి లేపినట్టవుతుంది. పరీక్ష పేరుతో వస్తువుని పాడుచెయ్యడం ఇది. అదే సాయంత్రం కడిగించడం ఇంకొక మేలు!

పైగా అతను లాగింది ఒక రకంగా, గాలి లాగేది ఇంకో రకంగా. సినిమా పోస్టరు గోడనుంచి ఊడదియ్యాలంటే మధ్యలో పట్టుకుని లాగితే రాదు, మూల దొరికితే మొత్తం వచ్చేస్తుంది. టేపూ అంతే. పక్కకి జారే బలాన్ని బాగా ఆపుతుంది, అంచునుంచి ఒలిచే బలానికి లొంగిపోతుంది. కారు వేగంగా పోతుంటే గాలి వెతికేది ఆ ముందు అంచునే. వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరుకి 12 కిలోల బరువంత ఉండేది 100లో 47 కిలోల వరకూ పోతుంది. ఊళ్ళో మూడు వారాలు తిరిగి ఏమీ కాలేదన్నది హైవేకి సాక్ష్యం కాదు.

మరి గట్టిగా ఉండే సూపర్ గ్లూ వెయ్యొచ్చుగా అంటారు. వేడి సంగతి మరిచిపోతున్నారు. 80 సెంటీమీటర్ల యాక్రిలిక్ వైజరు 40 డిగ్రీల తేడాకి రెండు మిల్లీమీటర్లకి పైగా సాగుతుంది, కింద ఉన్న ఉక్కు అర మిల్లీమీటరు కూడా సాగదు. విజయవాడ ఎండలో ఇది రోజూ జరిగే పని. పెళుసు జిగురు పగులుతుంది. మెత్తటి ఫోమ్ అటూ ఇటూ వంగి ఆ తేడాని మింగేస్తుంది. దానికి ఫోమ్ ఉన్నది అందుకే, మెత్తగా ఉంటే బాగుంటుందని కాదు. ఇంకో నమ్మకం, ఎర్ర పొర ఉంటే అసలు సరుకని. ఆ పొర లాగి పారేసేది. ఎర్ర రంగు ఎవరైనా వెయ్యొచ్చు.

నేను ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేశాను. డాబా మీద పడి ఉన్న పాత ఇనప బీరువా తలుపుకి ఒకే టేపుతో మూడు ప్లాస్టిక్ ముక్కలు అంటించి, మూడు రోజులాగి, ఒక్కో దానికి అర లీటరు నీళ్ళ సీసా వేలాడదీశాను. ఒకటి ఆల్కహాల్‌తో తుడిచిన చోట, ఒకటి పొడిగుడ్డతో తుడిచిన చోట, ఒకటి డాష్‌బోర్డు పాలిష్ రాసిన చోట. పాలిష్ ముక్క ఆ రాత్రే పడింది. పొడిగుడ్డ ముక్క మూడో రోజు మధ్యాహ్నం ఎండలో జారింది. మొదటిది వారమైనా కదల్లేదు, నేనే తీశాను. మూడు ముక్కలతో చేసినదాన్ని రుజువు అనను. కానీ మేనల్లుడికి చూపించడానికి సరిపోయింది.

వాడి స్నేహితుడొకడు ఉన్నాడు. "మా కారుకి ఆరేళ్ళనుంచి ఉన్నాయి అంకుల్, మేమేం తుడవలేదు" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. ఊడిపోయినవి రోడ్డు పక్కన ముక్కలై ఉంటాయి, అవి వచ్చి మనకి చెప్పవు. మొక్కు తీరినవాళ్ళే గుడికి మళ్ళీ వచ్చి చెబుతారని మనం ఎన్నిసార్లు రాసుకోలేదు?

ఇంగ్లండు గణిత శాస్త్రజ్ఞుడు విలియం క్లిఫర్డ్ 1877లో నమ్మకపు నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. పాత ఓడ, మరమ్మతు చేయించాలేమోనని అనుమానం. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకుని, నిజాయితీగానే నమ్మి, ప్రయాణికుల్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునుగుతుంది, అతను బీమా డబ్బు పుచ్చుకుంటాడు. అతను దోషి అంటాడు క్లిఫర్డ్, ఎందుకంటే తన ముందున్న సాక్ష్యాన్ని బట్టి అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఓడ మునక్కపోయినా అంతే దోషి అంటాడు, దొరికిపోకపోవడమే తేడా. ఈ రెండో మాట దగ్గర నేను చాలామందితో వాదించాను. సూర్యాపేట సంగతి విన్నాక వాదించాల్సిన అవసరం తగ్గింది. అదే షాపులో అదే రోజు అలాగే అంటించిన కార్లు ఇంకా ఎన్నో ఉంటాయి. వాటి వెనకా మోటారు సైకిళ్ళు పోతూనే ఉంటాయి. "అంటుకుంటుందిలే" అన్నవాడి మణికట్టు మాత్రం విరగదు.

కొత్త వైజర్లు మా ఇంట్లోనే పెట్టాం. ఈసారి టేపుతో పాటు లోపలికి పట్టే క్లిప్పులు కూడా ఉన్నవి కొనమన్నాను. ముందు సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక, సగం నీళ్ళు సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడిచాం. గుడ్డ మురికిగా వస్తే కొత్త గుడ్డ. శానిటైజరు వద్దన్నాను, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది పొరలా నిలిచిపోతుంది. మండుటెండలో కాదు, నీడలో, కారు రేకు చేతికి మామూలుగా తగిలే వేళ. పొర లాగకుండానే ఒకసారి ఆనించి చూసుకుని పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాం, ఎందుకంటే అంటించి మళ్ళీ లేపితే మొదటి పట్టు రాదు. తర్వాత ఈ చివరనుంచి ఆ చివరదాకా బొటనవేలితో బలంగా నొక్కుకుంటూ పోయాం. ముందు అంచు దగ్గర రెండుసార్లు.

మూడు రోజులు కారు కదలకూడదు, కడగకూడదు అన్నాను. మా అక్కకి అది కొంచెం కష్టమైంది, శుక్రవారం పూజ చేయిద్దామనుకుంది. పూజ మానమని నేను అనలేదు, ఆదివారం తర్వాత పెట్టుకోమన్నాను. సోమవారం వచ్చి ముందు బంపరు కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. "ఇప్పుడేమైనా అభ్యంతరమా తమ్ముడూ?" అంది. వంగి చూశాను. దారంతో రెండు ముళ్ళు వేసింది, గట్టిగానే ఉంది.