కందిన ముఖం, క్యాలెండర్‌లో చుక్క

"తప్పు చెయ్యకుంటె మొకం ఎందుకు కందుతది మేడం?"

అడిగింది పిల్ల కాదు, తల్లి. పిల్ల స్టూలు మీద కూర్చుని చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఇరవై నిండలేదు. బట్టలు కుట్టే ఒక యూనిట్‌లో మిషన్ మీద పని. మూడు రోజుల కిందట లెక్కలో పీసులు తక్కువ వచ్చాయట. ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగారు. ఈ పిల్ల వంతు వచ్చేసరికి మెడ నుంచి చెవుల దాకా కందిపోయింది. నోట మాట పెగల్లేదు. "గీ పిల్లనే" అనేశారు. అప్పటి నుంచి పనికి పోలేదు, అన్నం సరిగ్గా ముట్టలేదు. తల్లి బీడీలు చేస్తుంది. బిడ్డను నమ్మింది. కానీ ఆ కందిన ముఖం సంగతే ఆమెకు అంతుపట్టలేదు.

మాది తంగళ్ళపల్లి. మానేరు వంతెన దాటితే సిరిసిల్ల, సాంచెల (మరమగ్గాల) చప్పుడు. తాడూరు, జిల్లెల్ల, బద్దెనపల్లి నుంచి మా ఓపీకి వచ్చే ఆడవాళ్లు నడుంనొప్పి చెబుతారు, కడుపుమంట చెబుతారు, కాళ్ల తిమ్మిర్లు చెబుతారు. ముఖంలో సెగ గురించి మాత్రం వాళ్లంతట వాళ్లు చెప్పరు. అది జబ్బు కింద లెక్క కాదు. సిగ్గో, భయమో, కోపమో అనుకుని ఊరుకుంటారు.

"నెలసరి ఎప్పుడొచ్చింది బిడ్డా?" అన్నాను.

పిల్ల తల దించుకుంది. తల్లే చెప్పింది: "నిన్నటి సంది బయటున్నది మేడం."

అంటే పీసుల లెక్క జరిగింది నెలసరికి రెండు రోజుల ముందు. ఇలా ఇంతకుముందూ అయ్యిందా అని అడిగితే అప్పుడు నోరు విప్పింది. అవుతుంది. మేనమామ ఇంట్లో అందరి ముందు పేరు పెట్టి పిలిస్తే అయ్యింది. బస్సులో కండక్టర్ టికెట్ చూపించమంటే అయ్యింది. ఒక్కోసారి అదే మాట అన్నా ఏమీ కాదు, ఒక్కోసారి ముఖం నిప్పులా మండుతుంది. ఎందుకో తెలియదు. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రెండు రకాల చుక్కలు పెట్టమన్నాను. నెలసరి వచ్చిన రోజుకు ఎర్ర చుక్క, ముఖం మండిన రోజుకు నీలం చుక్క. మూడు నెలల తర్వాత తల్లి ఆ క్యాలెండర్‌నే మడిచి సంచిలో పెట్టుకుని తెచ్చింది. నీలం చుక్కల్లో ఎక్కువ భాగం ఎర్ర చుక్కకు ముందున్న వారంలోనే ఉన్నాయి.

ఒంట్లో జరిగేది ఇది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. దానితో ఒంటి వేడి సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కి, దాదాపు నెలసరి వచ్చేదాకా అక్కడే నిలుస్తుంది. ఒళ్లు ఎంత వేడిగా ఉండాలో చూసుకునేది మెదడులోని హైపోథాలమస్. ఆ రోజుల్లో అది పెట్టుకున్న గీతే పైకి జరుగుతుంది. ఈస్ట్రోజెన్ పని వేరు, అది రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. నెలసరి దగ్గరపడేకొద్దీ రెండు హార్మోన్లూ దిగిపోతాయి. గీత కిందికి వస్తుంది, ఒళ్లు ఎక్కువైన వేడిని వదిలించుకోవాలి. పైగా ఆ రోజుల్లో చాలామందికి నిద్ర పలచన, మనసు మరీ పలచన. ముఖం మీద నాళాలు దగ్గర దగ్గరగా, చర్మానికి బాగా పైనే ఉంటాయి. నలుగురిలో నిలబెట్టి అడిగితే మన చేతిలో లేని నాడులు వాటిని ఒక్కసారిగా తెరుస్తాయి. మామూలు రోజున గోరువెచ్చగా పోయేది ఆ వారంలో మంటగా తెలుస్తుంది. అందరికీ ఇలా కాదు. అయ్యేవాళ్లకు మాత్రం ఆ వారం వేరు.

తల్లి అడిగిన ప్రశ్న పాతదే. 1872లో చార్లెస్ డార్విన్ మనుషుల్లో, జంతువుల్లో భావాలు బయటపడే తీరు మీద పుస్తకం రాస్తూ ముఖం ఎర్రబడటానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నల్లని చర్మం ఉన్నవాళ్లకూ ఇలా అవుతుందా అని దేశదేశాల్లో ఉన్నవాళ్లకు ప్రశ్నలు పంపాడు. ఆయన తేల్చిన మాట ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పాను. ముఖం కందేది తప్పు చేసినందుకు కాదు, ఎదుటివాళ్లు మనం తప్పు చేశామనుకుంటున్నారే అన్న తలంపు వల్ల. ఏ తప్పూ చేయని మనిషికీ అంతే మండుతుంది. ఆమె బిడ్డ వైపు చూసింది. అప్పటిదాకా పట్టిన బిగువు ఆ ముఖంలో సడలడం నేను చూశాను.

నెలసరి ఎప్పుడొచ్చిందని అడగడం నాకు మొదటి నుంచీ తెలిసిందని అనుకోవద్దు. చాలా ఏళ్ల కిందట ముప్పై నాలుగేళ్ల బీడీ కార్మికురాలు వచ్చింది. "కూసున్న కాడ కూసున్నట్టే మొకంల కెల్లి సెగలొస్తున్నయి, గుండె దడదడ కొట్టుకుంటది, చెమటకు జాకెట్ తడుస్తది" అంది. బీపీ చూస్తే కొంచెం ఎక్కువ. ఒక్కసారి చూసిన ఆ అంకెను పట్టుకుని ఆమ్లోడిపిన్ రాసి పంపించాను. మూడు వారాలకు వచ్చింది. సెగలు పెరిగాయి, చీలమండలు వాచాయి. ఆ మందుకే నాళాలను వెడల్పు చేసే గుణం ఉంది, దానివల్లే కొందరికి ముఖం కందుతుంది. అప్పుడు గాని అడగలేదు నెలసరి సంగతి. "నాకు ఎక్కడిది మేడం, అయిదేండ్లాయె గర్భసంచి తీసేసిండ్రు." పాత కాగితాలు తెప్పించి చూస్తే అండాశయాలు కూడా తీసేశారు. ఇరవై తొమ్మిదేళ్లకే ఆమెకు ముట్లుడిగిన వయసు వచ్చేసింది. ఇంట్లోవాళ్లు ఈ సెగలకు వేములవాడలో కోడె కట్టి మొక్కు తీర్చుకుని వచ్చారు. నేను ఇచ్చింది బీపీ మాత్ర. ఆ తప్పు నాది. ఆ మాత్ర ఆపి, మళ్లీ మళ్లీ బీపీ చూసి, స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరికి పంపాక, ఆమె వయసుకు తగిన హార్మోన్ మందుతో సెగలు తగ్గాయి.

ఆమె ఒక్కతే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది చాలామందికి తెలియనే తెలియదు. ముప్పైల్లో ఉన్న ఆడమనిషి ఆవిర్లు వస్తున్నాయంటే కడుపు మీద కోత గుర్తు ఉందా అని ఇప్పుడు తప్పకుండా అడుగుతాను.

క్యాలెండర్ ఇంకో మేలు కూడా చేస్తుంది. ఒక కోడలికి బుగ్గల మీద, ముక్కు మీద ఎరుపు, ముట్టు రోజులవల్లేనని అత్త అంది. చుక్కలు పెట్టించాను. ఫలానా వారమని లేదు, ఏ రోజూ తగ్గలేదు, ఎండకు పోతే ఎక్కువైంది, పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకునేవి. అది నెలసరి ఎరుపు కాదు. పరీక్షల్లో లూపస్ తేలింది. వచ్చి పది, ఇరవై నిమిషాల్లో పోయే సెగ వేరు, పోకుండా నిలిచే ఎరుపు వేరు. నిలిచే ఎరుపును, ఎర్రదనంతో పాటు విరేచనాలు, పిల్లికూతలు, బరువు తగ్గడం ఉన్నవాళ్లను ఆలస్యం చేయకుండా పరీక్షించాలి.

కుట్టుపని పిల్లకు మాత్రలేవీ రాయలేదు. ఆ వారంలో పొగలు కక్కే చాయ్, కారం తగ్గించమన్నాను. ముఖం మండితే దాచుకోవడానికి పెనుగులాడవద్దని, పెనుగులాడితే ఇంకా ఎక్కువవుతుందని చెప్పాను. ఆ యూనిట్‌కు ఆమె తిరిగి పోలేదు, ఇంకోచోట చేరింది. పీసులు ఎటు పోయాయో ఎవరూ తేల్చలేదు.

ఆడపిల్లలను వరసలో నిలబెట్టి అడిగేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ముఖం చూసి తీర్పు చెప్పకండి. తోటి వైద్యులకు కూడా ఒక మాట. నా ఓపీ చీటీ మీద ఇప్పుడు బీపీ గడికి పైన, ఆఖరి నెలసరి తేదీ గడి ఉంది.